పోగుకు పడని పొగ

ఉరవకొండలో మా మామ పట్టుచీరలు నేస్తాడు. మగ్గం గుంతలో కూర్చున్నంతసేపూ ఆయన బీడీ ముట్టించడు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా ముట్టించలేదు. పడుగు మీద ఒక్క నిప్పురవ్వ రాలితే ఆ చీర కథ అంతటితో సరి. పొగవాసన పట్టినా షావుకారు పేరు పెడతాడు. అందుకని మనసు లాగినప్పుడల్లా నాడె పక్కన పెట్టి, గుంతలోంచి పైకెక్కి, మోకాళ్లు పట్టుకుని కాసేపు నిలబడి, వాకిలి దాటి ఎదురుగోడ దగ్గరికి పోతాడు. బీడీకట్ట మీద అచ్చేసిన పుండు బొమ్మను బొటనవేలితో కప్పి ఒకటి బయటికి లాగుతాడు. "పోగుకు పొగ పడదప్పా" అంటాడు. రెండు దమ్ములు లాగి, మూడో దమ్ముకు దగ్గుతాడు.

పోయిన సంక్రాంతికి ఆయన చిన్నకొడుకు, నాకు బావమరిది, బెంగళూరు నుంచి వచ్చాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉంటే ఉన్నట్టుండి మామిడిపండు వాసన వచ్చింది. "సంక్రాంతికి మామిడిపండు యాడిదిరా?" అన్నాడు మామ. బావమరిది సిగ్గుపడుతూ గుప్పిట తెరిచాడు. లావుపాటి పెన్నులాంటి వస్తువు. వేప్ అన్నాడు. "ఇది నీ బీడీ మాదిరి కాదు నాయనా. నిప్పుండదు, పొగుండదు. ఉత్త ఆవిరి."

మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని, కొత్త నాడెను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. నా వైపు తిరిగి నవ్వకుండా అడిగాడు: "నువ్వు నాలుగు పుస్తకాలు చదివినోడివి గదప్పా. నిజం చెప్పు. బీడీ ఇడిసి ఇది పట్టుకుంటే నా గస తగ్గుతాదా?"

నోట మాట రాలేదు. తగ్గుతుందంటే చట్టం అడ్డొస్తుంది. తగ్గదంటే లెక్కలు అడ్డొస్తాయి. ఊరి చుట్టూ మిట్టల మీద గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఈ సీమలో నీళ్లకు కరువుగానీ గాలికి ఎప్పుడూ కరువు లేదు. అంత గాలిలో కూర్చుని ఒక మనిషి, కాస్త ఊపిరి ఆడుతుందా అని అడుగుతున్నాడు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

బీడీలో కాలే ఆకుకు మన భాష పెట్టిన పేరు చూడండి. తమలపాకు, కరివేపాకు, గోరింటాకు – ఇవన్నీ తమ పేరు తాము మోసేవే. దీన్ని మాత్రం కాలిస్తే వచ్చేదానితో పిలిచాం: పొగాకు. కాల్చేవాణ్ని "తాగుతాడు" అన్నాం. సరుకంతా పొగలోనే ఉందని మన నమ్మకం. కానీ ఆ ఆకులో మనిషిని కట్టేసేది పొగ కాదు, నికొటిన్. మనిషిని చంపేది ముఖ్యంగా నికొటిన్ కాదు, పొగ. లండన్‌లో పొగతాగేవాళ్లకు వైద్యం చేసిన మైకేల్ రస్సెల్ అనే మానసిక వైద్యుడు 1976లోనే ఈ ముడి విప్పాడు. జనం కోరుకునేది నికొటిన్, దానితోపాటు వచ్చి ప్రాణం తీసేది తారు అన్నది ఆయన మాటల సారాంశం. కట్టేసేదాన్ని ఉంచి, చంపేదాన్ని తీసేయగలమా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. 2003లో చైనాలో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు దానికొక పరికరం చేశాడు. ఆయన స్వయంగా పొగరాయుడు. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఆకును కాల్చకుండా, నికొటిన్ కలిపిన ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చడం, అంతే ఆ ఉపాయం.

నిప్పు లేకపోతే ఏం తగ్గుతుంది? ఆకు కాలితే 7,000కు పైగా రసాయనాలు పుడతాయి. వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవి. కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. పీల్చిన గాలిలో ప్రాణవాయువు ఉన్నా దానికి కూర్చునే చోటు దొరకదు. వేప్ ఆవిరిలో ఈ వాయువు దాదాపు ఉండదు. పొగ పూర్తిగా మానినవాడి రక్తం ఒకటి రెండు రోజుల్లోనే దీన్ని వదిలించుకుంటుంది. స్కాట్లండ్‌లోని డండీలో 114 మంది పొగతాగేవాళ్ల మీద చేసిన పరిశీలన 2019లో వెలువడింది. సిగరెట్టు వదిలి వేప్‌కు మారినవాళ్ల రక్తనాళాలు నెల తిరక్కుండానే మెరుగ్గా వ్యాకోచించాయి. అదే ఏడాది ఇంగ్లండ్‌లో 886 మందితో జరిగిన ప్రయోగంలో, ఏడాది తర్వాత కూడా సిగరెట్టు ముట్టనివాళ్లు వేప్ ఇచ్చిన గుంపులో 18 శాతం, గమ్ములు పట్టీలు ఇచ్చిన గుంపులో 9.9 శాతం. కాబట్టి మామ ప్రశ్నకు "ఏమీ తగ్గదు" అని చెబితే అది అబద్ధం.

"తగ్గుతుంది" అన్న మాటకు మాత్రం కొలత కావాలి. 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ వేప్ హాని సిగరెట్టు కంటే 95 శాతం తక్కువని ప్రకటించింది. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. అది తూకంలో తేలిన అంకె కాదు, కొద్దిమంది నిపుణులు కూర్చుని కట్టిన అంచనా. రిచర్డ్ డాల్ బృందం 1951లో 34,439 మంది బ్రిటిష్ మగ డాక్టర్లను ఎంచుకుని వాళ్ల బతుకులనూ చావులనూ యాభై ఏళ్లు గమనిస్తే, పొగతాగేవాళ్ల ఆయుష్షు సగటున పదేళ్లు తరుగుతోందని 2004 నాటికి అంత గట్టిగా తేలింది. వేప్ పుట్టి పాతికేళ్లు కూడా కాలేదు. ముప్పై ఏళ్లు దాక్కుని బయటపడే జబ్బుల సంగతి పాతికేళ్లు నిండని పిల్లవాణ్ని అడిగితే ఏం చెబుతాడు?

ఇంకో చిక్కుంది. ఆ లెక్కలన్నీ సిగరెట్టు మనిషివి. మామది బీడీ. బీడీకి చుట్టే తునికాకు గాలిని అంతగా లోపలికి రానివ్వదు. ఆరిపోకుండా ఉండాలంటే వెంటవెంటనే లాగాలి. చూడ్డానికి చిటికెనవేలంత. దాని పొగలో మాత్రం తారు, నికొటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టు కంటే ఎక్కువే. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో సిగరెట్టు తాగేవాళ్లు 4 శాతం, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. దాదాపు రెట్టింపు. పేదవాడి పొగే ఈ దేశపు పొగ. దాన్ని వేప్‌తో పక్కపక్కన పెట్టి తూచినవాళ్లు తక్కువ. డండీ రక్తనాళం సంగతి ఉరవకొండ ఊపిరికి వర్తిస్తుందా? శరీరం ఒకటే గనుక వర్తించాలి. కానీ ఆ శరీరం బతికే బతుకు ఒకటేనా?

చట్టం సంగతికి వద్దాం. 2019 సెప్టెంబరు 18న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ డిసెంబరుకల్లా అది చట్టమైంది. ఈ-సిగరెట్టు తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రచారం అన్నీ నిషేధం. మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్లు, అయిదు లక్షలు. అంటే ఈ రోజు ఉరవకొండ బస్టాండులో ఏ బంకుకు వెళ్లినా వాడేవాళ్లలో సగం మంది దాకా ప్రాణం తీసే వస్తువు చేతికందేంత దగ్గరలో వేలాడుతుంటుంది. దానికంటే తక్కువ హాని చేసే వస్తువు అమ్మితే మాత్రం నేరం. పొగాకు బోర్డు గుంటూరులో 1976 నుంచి ఉంది, కేంద్ర వాణిజ్యశాఖ కింద. సిగరెట్ల కంపెనీ ఐటీసీలో ప్రభుత్వరంగ జీవితబీమా సంస్థకు 15 శాతం దాకా వాటా ఉంది. చావుకు బీమా చేసే సంస్థకు సిగరెట్టులో వాటా ఉండటం ఎవరి హాస్యమో తెలియదు.

ఇక్కడ ఆగిపోతే వ్యాసం సులువుగా ముగుస్తుంది. కపట రాజ్యం, బాధితుడైన మనిషి, దొరకని మందు. కానీ నిషేధించినవాళ్ల భయం ఉత్తది కాదు. అమెరికాలో బడిపిల్లల చేతుల్లోకి వేప్ దావానలంలా పాకింది. 2018 చివర్లో మార్ల్‌బరో సిగరెట్ల కంపెనీ ఆల్ట్రియా, వేప్ కంపెనీ జూల్‌లో 35 శాతం వాటాను 1,280 కోట్ల డాలర్లకు కొన్నది. పొగ అమ్మేవాడే ఆవిరి కూడా అమ్మడానికి దిగాడంటే అది మా మామ గస తగ్గించడానికి కాదుగదా. కన్యాశుల్కంలో గిరీశం శిష్యుడు వెంకటేశానికి ఇంగ్లీషు కంటే ముందు చుట్ట కాల్చడం నేర్పాడు. నేటి గిరీశానికి అంత శ్రమ అక్కర్లేదు. మామిడివాసన చాలు. దగ్గించని ఆవిరిని, ఇంట్లో దొరికిపోని ఆవిరిని, ఎన్నడూ బీడీ ముట్టని పదిహేనేళ్లవాడి నోటికి అందిస్తే వాడికి తగ్గే హాని ఏముంది? మొత్తం కొత్త హానే. ఎదిగే మెదడుకు నికొటిన్ మంచిది కాదన్నదానిలో వాదం లేదు.

ఒకే వస్తువు ఒకడికి మెట్టు దిగడం, ఇంకొకడికి మెట్టు ఎక్కడం. దీన్ని మంచిదనాలా, చెడ్డదనాలా?

ఈ ప్రశ్న దగ్గర నాకు మహాభారతంలోని ఒక కరువు కథ గుర్తొచ్చింది. కరువుసీమవాణ్ని గనుక అది నాకు పురాణంలా అనిపించదు, పక్క ఊరి సంగతిలా ఉంటుంది. తిక్కన తెలుగు చేసిన శాంతిపర్వంలో, ఆపద్ధర్మం చెప్పే చోట ఉందది. పన్నెండేళ్లు వాన లేదు. ఆకలికి సోలిపోతున్న విశ్వామిత్రుడు ఊరవతల వాడలో ఒక గుడిసెలో వేలాడుతున్న కుక్కమాంసం చూసి, రాత్రి దొంగిలించబోతాడు. ఆ ఇంటి మనిషి మేలుకుంటాడు. ఊరు అంటరానివాడన్న ఆ మనిషి, ఋషికి ధర్మం చెబుతాడు: ఇది నీకు తగదు, తపస్సు చెడుతుంది. విశ్వామిత్రుడు ఒప్పుకోడు. బతికుంటే కదా ధర్మం చేసేది, ముందు ప్రాణం నిలవాలి అంటాడు. మాంసం తీసుకుపోయి వండి, దేవతలకు భాగాలు పెడుతుండగా వాన కురుస్తుంది.

ఈ కథలో నాకు నచ్చేది ఇద్దరూ సరిగ్గానే మాట్లాడటం. ఇంటి మనిషి చెప్పిన హద్దు నిజం. ఋషి ఆకలి నిజం. కథ ఏ ఒక్కరినీ మూర్ఖుణ్ని చేయలేదు. ఆపద్ధర్మం అంటే చెడును మంచి అనడం కాదు. చెడును చెడు అంటూనే, ఇంతకంటే పెద్ద చెడు మీదపడి ఉన్నవాడికి దాన్ని అనుమతించడం. మా పల్లెల్లో సేద్యగాడికి దీన్ని సంస్కృతంలో చెప్పనక్కర్లేదు. శెనక్కాయకు అదను తప్పితే ఉలవలు చల్లుతాడు. ఉలవ అప్పు తీర్చదని ఆయనకు తెలుసు. కానీ చేను బీడు పడదు, ఎద్దు పస్తుండదు. ఆయన్ను చూసి "నువ్వు శెనక్కాయ ధర్మం తప్పావు" అని ఎవరూ అనరు. వానలు సకాలంలో పడ్డ ఏడాది మంచి చేలో ఉలవలు చల్లమని కూడా ఎవరూ చెప్పరు.

నలభై ఏళ్లుగా ఛాతీలో నిప్పు పెట్టుకున్నవాడు కరువులో ఉన్నాడు. అతనికి ఆవిరి ఆపద్ధర్మం కావచ్చు. బీడీ ముట్టని పిల్లవాడికి ఏ కరువూ లేదు. వాడికి అది ఉత్త కుక్కమాంసమే. వస్తువుకు తనంతట తనకు పుణ్యపాపాలు లేవు. అది ఎవరి కరువులోకి వచ్చిందన్నదే అసలు సంగతి. చట్టానికి మనుషులను ఒక్కొక్కరినీ చూసే కళ్లుండవు గనుక అది వస్తువును చూస్తుంది. వైద్యుడికీ మేనల్లుడికీ ఆ సాకు లేదు.

అయితే ఆపద్ధర్మానికి ఒక గడువుంది. వాన పడ్డాక కూడా కుక్కమాంసం వండుకుంటూ కూర్చుంటే అది ఆపద్ధర్మం అనిపించుకోదు, అలవాటు అనిపించుకుంటుంది. ఆ ఇంగ్లండ్ ప్రయోగంలో రెండో సగాన్ని అందుకే దాచకూడదు. వేప్‌తో సిగరెట్టు మానినవాళ్లలో నూటికి 80 మంది ఏడాది తర్వాత కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు. గమ్ములు పట్టీలతో మానినవాళ్లలో ఇంకా వాటిని వాడుతున్నది 9 మంది. ఒకటి ఎక్కువమందిని ఒడ్డుకు చేర్చింది కానీ పడవ దిగనివ్వలేదు. ఇంకొకటి తక్కువమందిని దాటించి దింపేసింది. ఏది ఎక్కువ విడుదల? మునిగిపోతున్నవాడి దగ్గర ఈ చర్చ పెట్టడం క్రూరం. ఒడ్డున కూర్చుని అసలే పెట్టకపోవడం సోమరితనం.

"నా ఒళ్లు, నా ఇష్టం" అన్న మాట కూడా నన్ను ఆపింది. ఆరోగ్యలాభం ఎవరిది వారిదేనా? మామ గోడ దగ్గరికి పోయి తాగేది చీర కోసం. పోగును కాపాడాడు. రాత్రి వాన తుంపరకో చలికో బయటికి పోలేక వసారాలోనే ముట్టిస్తే, పక్కన కండెలు చుట్టే అత్త ఆ పొగ పీలుస్తుంది. ఆమె జీవితంలో బీడీ తాగలేదు. కానీ కట్టలకొద్దీ పీల్చింది. ఆమె ఊపిరి గురించి మామ అడగలేదు, బావమరిది అడగలేదు, నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. పట్టుపోగు విలువ షావుకారు చెప్పాడు గనుక తెలిసింది. మనిషి ఊపిరికి వెల కట్టి చెప్పేవాళ్లెవరు?

చివరికి మామకు నేను చెప్పింది ఇది. వేప్ కొనలేం, కొనకూడదు. దొంగచాటున వచ్చే సీసాలో ఏముందో ఎవరూ పరీక్షించరు. 2019లో అమెరికాలో అలాంటి కల్తీ సరుకు పీల్చి, ముఖ్యంగా గంజాయి నూనెలో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ వల్ల, 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. 68 మంది పోయారు. కానీ పొగ లేని నికొటిన్ మన దేశంలోనూ చట్టబద్ధంగా ఉంది. రెండు మిల్లీగ్రాముల నికొటిన్ గమ్ము మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు. 2022లో ఇలాంటి మందులను జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో కూడా చేర్చారు. అంటే కట్టేసేదాన్ని ఉంచి చంపేదాన్ని తీసేసే ఆ ఉపాయాన్నే మన రాజ్యం కూడా ఒప్పుకుంది, ఇంకో రూపంలో. బొటనవేలితో కప్పుకునే ఆ బొమ్మ దగ్గరే ఒక నంబరు కూడా ఉంటుంది: 1800-11-2356. మానాలనుకునేవాళ్లు డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు.

డాల్ లెక్కలో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను. అరవై ఏళ్లకు మానినా సగటున మూడేళ్లు కలిసొస్తాయి మామా, యాభైకి మానితే ఆరు, నలభైకి మానితే తొమ్మిది. మామ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "మూడేండ్లంటే ఎన్ని చీరలప్పా?" అన్నాడు. నవ్వుతున్నాడో అడుగుతున్నాడో తెలియలేదు.

ఒక అట్ట గమ్ములు తెచ్చిచ్చాను. దాని వెల విని నోరు తెరిచాడు. బీడీకట్ట కంటే ఎక్కువ. "రోంత కారంగా ఉంది" అని మొదటి రోజు సగం నమిలి ఉమ్మేశాడు. ఎలా నమలాలో నేనే సరిగా చెప్పలేదు. కాస్త నమిలి, మంట తగలగానే బుగ్గన పెట్టుకుని ఆగాలి. మళ్లీ ఫోను చేసి చెప్పాను.

మొన్న వెళ్లినప్పుడు గుంతలో కూర్చునే బుగ్గ చూపించాడు. లోపల గమ్ము ఉంది. నాడె ఆగకుండా ఆడుతోంది. "సూడు, గుంతలోంచి లేయకుండానే పనైపోతాంది. కట్ట ఒగ దినానికి సాలేది, ఇప్పుడు రెండు దినాలొస్తాంది" అన్నాడు, పిల్లవాడు మార్కులు చెప్పినట్టు. నాకు ఆ క్షణంలో ఇంకో లెక్క గుర్తొచ్చింది. రోజుకు ఒక్క సిగరెట్టు తాగినా, ఇరవై తాగేవాడికి గుండెకు ఉండే అదనపు ముప్పులో సగం దాకా ఉంటుందని 2018లో తేల్చారు. సగం తగ్గిస్తే సగం ముప్పు తగ్గదు. పూర్తిగా మానితేనే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజం చెప్పడం ధర్మం. గుంతలో కూర్చున్న మనిషి ముఖంలో ఆ వెలుగు ఆర్పడం? ఇంటి మనిషి ఋషిని అడ్డుకున్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉండి ఉంటుందో మొదటిసారి ఆలోచించాను.

"మిగిలిన సగం ఎప్పుడు మామా?" అన్నాను.

నాడె ఆపి, పడుగు మీద అరచెయ్యి ఆనించి, పోగులు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. తలుపులోంచి ఎదురుగోడ కనబడుతోంది. దాని మీద ఆయన వీపు ఆనే చోట సున్నం నున్నగా అరిగిపోయి ఉంది.

"వాన పడనీలేప్పా" అన్నాడు.

మా సీమలో ఆ మాటకు సరే అనే అర్థం ఉంది. చూద్దాంలే అనే అర్థమూ ఉంది.